నాలుగు కాళ్ళ ఆట

ఏ వీడియో గేమ్ అయినా సరే, కుర్చీల బావ అందులో ముందు వెతికేది కూర్చునే చోటు. శత్రువులు ఎక్కడున్నారు, నిధి ఎక్కడుంది, ఎవరిని కాపాడాలి అన్న గొడవ ఆయనకు పట్టదు. తెర మీద మనిషి కనబడగానే "పాపం, వీడికి కూర్చోవడానికేమైనా ఉందా?" అని చూసేవాడు. ఉంటే ఆ ఆట మంచిది. లేకపోతే దాన్ని తయారుచేసినవాళ్ళు ఎంత ఘనులైనా సరే, ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి మాట్లాడే రకం అని తేల్చేసేవాడు.

మార్కులు వేసే పద్ధతి కూడా ఆయన సొంతమే. ఆట డబ్బా మీద నల్ల స్కెచ్ పెన్నుతో చిన్న కుర్చీ బొమ్మ గీసేవాడు. భేషైన ఆటకు నాలుగు కాళ్ళు. కాస్త అటూ ఇటూగా ఉంటే మూడు. రెండు కాళ్ళంటే, తీసుకుంటే తీసుకోండి, తర్వాత నన్ననొద్దు అని అర్థం. ఒంటికాలి కుర్చీ ఉన్న ఆట కొన్నవాణ్ణి వీధి మలుపు తిరిగేదాకా జాలిగా చూసేవాడు.

ఆ ఆటల దుకాణం ఆయనదీ, బావమరిదిదీ. బావ కూర్చుని ఆటల కాళ్ళు విరగ్గొడుతుంటే, వాటినే నాలుగు మంచి మాటలు చెప్పి అమ్ముకోవాల్సిన పని బావమరిది నెత్తిన పడేది. ఇప్పుడు ఆ చోట కళ్ళజోళ్ళు అమ్ముతున్నారు. అటు వెళ్ళినప్పుడల్లా బావమరిది మనసు చివుక్కుమంటుంది. దుకాణం పోయినందుకు కాదు. అన్నేళ్ళు పక్కనే ఉండి, బావను చూసి నవ్వడమే తప్ప ఎందుకిలా అని ఒక్కసారి కూడా అడగనందుకు.

అడగకపోవడానికి కారణం ఉంది. ఆ పిచ్చి ఎందుకొచ్చిందో వీధిలో అందరికీ తెలుసు మరి. ఆటల దుకాణం పెట్టకముందు బావ అదే గదిలో కుర్చీలు అమ్మేవాడు. అమ్ముడుపోనివి అక్కడే ఉండిపోయాయి. పేము కుర్చీ, ఆఫీసుల్లో వాడే చక్రాల కుర్చీ, ఊగాల్సింది పోయి ఊరికే కిర్రుమనే కుర్చీ. వాటి మధ్యే ఆటల అలమరలు. "వ్యాపారం దెబ్బతిని ఆటల్లోకి దిగాడు, బుర్రలో మాత్రం కుర్చీలే ఉండిపోయాయి" అని ఎదురు టైలరు అందరికీ చెప్పేవాడు. బావ కూడా కాదనేవాడు కాదు. బావమరిది కూడా అదే నమ్మాడు.

అలాగని ఆయనకు ఆటలు తెలియవనుకుంటే పొరపాటే. ముందు మంచి చెప్పి, తర్వాతే లోపం చెప్పేవాడు. ఒకసారి కాలేజీ కుర్రాడొకడు కార్ల పందెం ఆట పట్టుకుని అడిగాడు. బావమరిది పిలిచినట్టే వీధంతా ఆయన్ని బావ అనే పిలిచేది.

"ఇదెలా ఉంది బావగారూ?"

"వాన బ్రహ్మాండంగా కురిపించారు నాయనా. అద్దం మీద చినుకులు జారుతుంటే నేను తువ్వాలు కోసం లేచాను. మలుపుల్లో బండి బరువు చేతికి తెలుస్తుంది. అది దీని బలం."

"మరి లోపం?"

"పందెం అయిపోయినా బండి దిగనివ్వడు. కూర్చోవడానికి లేదు."

"కార్లో కూర్చునే ఉన్నాడుగా బావగారూ?"

బావ ఒక్క క్షణం ఆలోచనలో పడ్డాడు. ఈసారి దొరికిపోయాడని బావమరిది లోలోపల సంబరపడ్డాడు.

"అది కూర్చోవడం కాదు నాయనా, ఇరుక్కోవడం," అని బావ రెండు కాళ్ళు గీసి చేతిలో పెట్టాడు.

కుస్తీల ఆటలంటే ఆయనకు ఒళ్ళు మంట. "దెబ్బ తగిలితే మనకే తగిలినట్టుంది, బాగా చేశారు. కానీ అన్యాయం చూడు! తన్నులు తినేవాడికి కుర్చీ లేదు, వెనకాల చూసేవాళ్ళందరికీ ఉంది!" ఫుట్‌బాల్ ఆటలో మైదానం పక్కన బల్ల కనబడితే మురిసిపోయాడు. తీరా దానిమీద కూర్చునేది ఆడనివాళ్ళని తెలిసి ఒక కాలు తీసేశాడు. ఇటుకలు పైనుంచి రాలిపడే ఆటకు మార్కులు వేయలేక చాలా రోజులు నలిగిపోయాడు. "మనిషే లేడు కదరా, ఎవర్ని కూర్చోబెట్టమని అడగను?"

దయ్యాల ఆట సంగతి మరీ విడ్డూరం. బూజు పట్టిన బంగళా, ఆరిపోతున్న దీపం, ఎక్కడో ఏడుపు. బావ తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళి పడకకుర్చీ కనబడితే ఆటలో మనిషిని అందులో కూర్చోబెట్టేశాడు. వెనక తలుపు తెరుచుకుంది.

"బావా! వెనకాల దయ్యం!" బావమరిది కౌంటరు దగ్గర్నుంచి కేకేశాడు.

"రానీరా. ఎంతసేపని ఒక్కణ్ణే కూర్చోను?"

దయ్యం వచ్చి పీక నొక్కింది. బావ నాలుగు కాళ్ళూ వేశాడు. ఆ బొమ్మ చూసి కొనుక్కెళ్ళిన పెద్దమనిషి మర్నాడే తిరిగొచ్చాడు. "ఏమండీ, ఇందులో భయమే లేదు కదండీ!" "అందుకేగా నాలుగు కాళ్ళు," అన్నాడు బావ. బావమరిది తల పట్టుకుని వేరే ఆట ఇచ్చి పంపాడు.

ఇంకోసారి ఒకావిడ కొడుక్కి ఆట కొనడానికి వచ్చింది. అందరూ వయసెంత అని అడుగుతారు. బావ మాత్రం "వాడు ఆడుకుంటుంటే మీరు పక్కన కూర్చుంటారా అమ్మా?" అని అడిగాడు. "నాకెక్కడ తీరిక?" అందావిడ. "అయితే ఏదైనా ఒకటే," అని చేతికందింది ఇచ్చేశాడు. ఆవిడ గుమ్మం దిగుతుంటే వెనకనుంచి పిలిచి, "తీరికైన రోజున చెప్పండి, అప్పుడు వేరేది ఇస్తాను," అన్నాడు. ఆ మాట పట్టుకుని కాస్త ఆలోచించి ఉంటే బావమరిదికి అప్పుడే అర్థమయ్యేది. వాడు కళ్ళు తిప్పి ఊరుకున్నాడు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రోజులు మారాయి. ఆటలు డబ్బాల్లో కొనేవాళ్ళు తగ్గారు, ఇళ్ళలోనే ఇంటర్నెట్‌లోంచి దింపుకోవడం మొదలుపెట్టారు. మిగిలింది ఒక్కటే ఆశ. పెద్ద ఆటల కంపెనీ ఒకటి ఊరికి ఒక దుకాణాన్ని ఎంచుకుని తన బోర్డు పెడుతోంది. ఆ బోర్డు వస్తే దుకాణం నిలుస్తుంది, రాకపోతే మూతే. బావమరిది కాళ్ళరిగేలా తిరిగి కంపెనీ మేనేజరును దుకాణం చూడ్డానికి రప్పించాడు. వాళ్ళ కొత్త యుద్ధం ఆట మీద ఉన్న ఒంటికాలి కుర్చీని ముందురోజే స్పిరిట్‌తో తుడిచేశాడు. బావను బతిమాలాడు కూడా.

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఆయన ముందు కుర్చీల మాటెత్తకు."

"నేనెందుకెత్తుతానురా?"

మేనేజరు వచ్చాడు. దుకాణం నచ్చింది. చక్రాల కుర్చీ ఇంకా నచ్చింది, అందులో ఒక చుట్టు తిరిగాడు కూడా. వెళ్ళబోతూ మర్యాదకు అడిగాడు. "మా కొత్త ఆట ఆడారా సార్? ఎలా ఉంది?"

బావమరిది మేనేజరు వెనక నిలబడి బావకు మళ్ళీ దణ్ణం పెట్టాడు.

"పొగ చాలా బాగా చేశారండీ," అన్నాడు బావ. "తుపాకీ మోత ఇంట్లో ఒకలా, వీధిలో ఒకలా వినబడుతుంది. ఎవరో చెవులున్న మనిషే చేసుంటాడు. కథ మాత్రం పలచన. చచ్చిపోయేవాళ్ళ పేర్లు గుర్తుండవు."

మేనేజరు తల ఊపాడు. బావమరిది ఊపిరి పీల్చుకున్నాడు. బావ అక్కడితో ఆగలేదు.

"ఇంకొక్కటి. నేను అన్ని ఇళ్ళల్లోకీ వెళ్ళాను. ప్రతి ఇంట్లో కుర్చీలున్నాయి. ఒక్కదాంట్లోనూ కూర్చోనివ్వలేదేం?"

"అది యుద్ధం సార్."

"యుద్ధం చేసేవాడికి కాళ్ళు నొప్పెట్టవా?"

"కూర్చుంటే ఆట ఆగిపోతుంది సార్."

"ఆగనివ్వండి. ఏం మునిగిపోతుంది?"

"ఆగితే ఆడేవాడు ఆట వదిలేస్తాడు సార్!"

"వదిలేసి పక్కవాడితో ఓ మాట మాట్లాడతాడేమో," అన్నాడు బావ. "మీ ఆట కుర్చీలు చూపించి ఊరిస్తుంది, కూర్చోనివ్వదు. ఆ లెక్కన దీనికి ఒంటికాలే." స్కెచ్ పెన్ను తీసి, బావమరిది తుడిచిన చోటే, మేనేజరు ఎదుటే మళ్ళీ గీశాడు.

బోర్డు వేరే వీధిలో దుకాణానికి వెళ్ళిపోయింది.

ఆ రోజు బావమరిది నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. "నీ కుర్చీల పిచ్చితో నిండా ముంచావు బావా! ఇక నువ్వెవరో, నేనెవరో. నీ కుర్చీల్లో నువ్వే కూర్చో!" అన్నాడు. బావమరిది ఉండేది అక్కా బావల ఇంట్లోనే, వెనక గదిలో. ఆ గదిలోకి పోయి తలుపేసుకుని ఏదో పాత ఆట ముందు కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే వచ్చి, తిని, పోయేవాడు. బావ ఏమడిగినా ఆఁ, ఊఁ. దుకాణం సర్దే రోజులన్నీ అలాగే గడిచాయి.

దుకాణం గది ఖాళీ చేసి తాళం అప్పగించాల్సిన రోజు మధ్యాహ్నం, అక్క వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే వాడు గొణిగాడు. "కుర్చీలు అమ్ముకోవడం కూడా చేతకాక ఇందులోకి దిగి, నన్ను కూడా దించాడు."

అక్క గిన్నె పక్కన పెట్టింది. "చేతకాకా? ఆ కుర్చీల వ్యాపారం ఎలా నడిచేదో నీకేం తెలుసురా? పెళ్ళి హాళ్ళవాళ్ళు, ఆఫీసులవాళ్ళు వరసకట్టేవాళ్ళు."

"మరెందుకు మానేశాడు?"

"నీకోసం."

వాడు నమ్మనట్టు చూశాడు.

"అమ్మ పోయాక డిగ్రీ మధ్యలో వదిలేసి మా ఇంటికొచ్చావు, గుర్తుందా? నెలల తరబడి నోరు విప్పలేదు నువ్వు. పొద్దస్తమానం ఆ ఆట. మీ బావ వచ్చి పక్కన కూర్చునేవాడు. ఏమడిగినా నీ చేతులు టకటకా నొక్కుతూనే ఉండేవి, ఇప్పటిలాగే. ఒకరోజు నీ ఆటలో మనిషి నీళ్ళ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. నొక్కడానికేం లేదు, నీ చేతులు ఖాళీ అయ్యాయి. అప్పుడన్నావు, 'బావా, అమ్మ గొంతు మర్చిపోతానేమోనని భయంగా ఉంది' అని. ఇక ఆగలేదు, చీకటి పడేదాకా మాట్లాడావు. మర్నాడే ఈయన కుర్చీలు ఓ మూలకి నెట్టి ఆటలు తెచ్చాడు. ఏ ఆటలో కూర్చోబెడతారో, నువ్వెక్కడ మాట్లాడతావో అని వెతుకుతూనే ఉన్నాడు."

మాట్లాడిన సంగతి బావమరిదికి గుర్తుంది. బల్ల గుర్తులేదు. తర్వాత కూడా ఎన్నోసార్లు, ఉద్యోగం రానప్పుడు, ఒకమ్మాయి కాదన్నప్పుడు, బావతో ఎంతెంతసేపో మాట్లాడాడు. ఆ మాటలన్నీ నాలుగు కాళ్ళ ఆటల ముందే మాట్లాడానని ఇప్పుడు తట్టింది.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే నువ్వు కూర్చోవడం మానేస్తావన్నాడు. ఇప్పుడు కూడా ఏం చేస్తున్నాడో వెళ్ళి చూడు. కళ్ళు ఎర్రబడినా ఆ కంపెనీ ఆట వదలడం లేదు."

వాడు చెప్పుల్లేకుండానే దుకాణానికి పరిగెత్తాడు. అలమరలు వెళ్ళిపోయాయి. ఖాళీ గదిలో నేలమీద టీవీ, ఎదురుగా రెండు కుర్చీలు. కిర్రుమనే దాంట్లో బావ. పేము కుర్చీ ఖాళీగా ఉంది. అది ఎవరికోసం వేశాడో అడగక్కర్లేదు.

"దొరికిందిరా!" అన్నాడు బావ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "కూలిపోయిన రైల్వే స్టేషను. ప్లాట్‌ఫారం చిట్టచివర బల్ల ఉంది. చూడు, కూర్చోనిస్తోంది! నేనే తొందరపడి వాళ్ళని అన్నాను."

మసిబారిన సైనికుడొకడు తుపాకీ ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. బావమరిది అనాలనుకున్న మాట వేరే, నోట్లోంచి వచ్చిన మాట వేరే.

"ఇది ముందే దొరికుంటే దుకాణం ఉండేది కదా బావా!"

"ముందు మనం మాట్లాడుకుంటూనే ఉన్నాం కదరా. అంతలా వెతకాల్సిన అవసరమేముంది?"

వాడు వెళ్ళి పేము కుర్చీలో కూర్చున్నాడు. తెర మీది బల్లకేసి చూస్తూ అన్నాడు. "బావా, అమ్మ గొంతు నాకింకా గుర్తుంది."

బావ రిమోట్ కింద పెట్టాడు. "ఎలా ఉంటుంది?"

"'అల్లుడుగారూ, అలా నిలబడ్డారేం, కూర్చోండి' అన్నట్టుంటుంది."

బావ గట్టిగా నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. ఇక మాటలు సాగాయి. వాడు క్షమాపణ చెప్పబోతే బావ చెప్పనివ్వలేదు. ఆవిడ వంట గురించి, కోపం గురించి, ఈయన కుర్చీల్లో ఒక్కటీ నచ్చక నేలమీదే కూర్చోవడం గురించి చెప్పుకుంటూ పోయారు. ఈలోగా శత్రువులు వచ్చి బల్ల మీద సైనికుణ్ణి కాల్చారు. వాడు లేచొచ్చి అదే బల్ల మీద ప్రత్యక్షమయ్యాడు, మళ్ళీ కాల్చారు. ఎన్నిసార్లు పోయాడో ఇద్దరూ చూడలేదు.

తాళాలకోసం, ఆ గది అద్దెకు తీసుకున్న కళ్ళజోళ్ళాయన గుమ్మంలోకి వచ్చాకే లేచారు. బావ ఆట డబ్బా తీసి, ఒంటికాలి కుర్చీకి రెండు కాళ్ళు చేర్చి ఆగాడు.

"మూడేనా బావా?"

"మధ్యలో కాల్చేస్తున్నారు కదరా."

"మనకేం అడ్డురాలేదుగా!"

అదీ నిజమే అనుకుని బావ నాలుగో కాలు గీశాడు. తర్వాత కళ్ళజోళ్ళాయనకి పేము కుర్చీ చూపించి, "అలా నిలబడ్డారేం, కూర్చోండి," అన్నాడు.