బీరన్న గొంతున్న డిస్కు

తాండూరు బస్టాండు వెనక మా జిరాక్సు షాపు పక్కనే పద్మారాణి కంప్యూటర్ రిపేరు దుకాణం. తల్లి మొగులమ్మ బండల గనిలో పనిచేసి ఆమెను చదివించింది. ఆ గని చప్పుళ్ల మధ్య పెరిగినందుకో ఏమో, పద్మారాణి ఏ మిషన్‌నైనా ముందు చెవితోనే చూస్తుంది. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

దసరా అయిన వారానికి పరిగి నుంచి నవనీత వచ్చింది. చేతుల్లో సీపీయూ, వెంట నాన్న బీరన్న. ముప్పై ఏళ్లు ఒగ్గు కథ చెప్పిన మనిషి. నిరుడు గొంతు ఆపరేషన్ అయ్యాక ఆయనకు మిగిలింది గుసగుసే. అంతకుముందు పాడినవన్నీ ఆ సీపీయూ లోపలి డిస్కులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఇప్పుడు కంప్యూటరేమో డిస్కే లేదంటోంది.

డబ్బా మీద పసుపు, కుంకుమ బొట్లు. పద్మారాణి వాసన చూసింది.

"ఆయుధపూజ చేసిండ్రా? కొబ్బరికాయ యాడ కొట్టిండ్రు?"

"దాని మీదనే అక్కా," అంది నవనీత మెల్లగా.

"నీళ్లన్నీ లోపలికే పోయినయ్ గదమ్మా!"

నేను మెల్లగా మా షాపు వైపు చూశాను. మా జిరాక్సు మిషన్‌కీ నేను కొబ్బరికాయ దాని మీదే కొట్టాను మరి.

పద్మారాణి కేబుల్ మార్చింది, డిస్కుకు వేరే కరెంటు ఇచ్చింది. అయినా స్క్రీన్ మీద ఏమీ రాలేదు. డిస్కును చెవికి ఆనించుకుంది.

"మంచిగనే తిరుగుతుంది. టిక్కుటిక్కు లేదు. ఫికర్ చెయ్యకు చెల్లె."

డిస్కు అడుగున ఉన్న పచ్చ సర్క్యూట్ పలకను విప్పి చూస్తే, అది డిస్కుకు ఆనే చోట కొబ్బరినీళ్లు తగిలి నల్లగా మకిలి పట్టి ఉంది. బడిపిల్లలు వాడే రబ్బరుతో నెమ్మదిగా రుద్దింది. స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ బిగించింది. ఈసారి ఫోల్డర్లు వరసగా కనిపించాయి. నవనీత మౌస్ అందుకోబోయింది.

"ముట్టకు! ముందుగాల కాపీ, తర్వాతనే పాట."

రెండు గంటలు పట్టింది. అందరికీ చాయ్ నేనే తెప్పించాను.

అప్పుడు మొదటి పాట పెట్టింది. దుకాణం నిండా బీరన్న గొంతు, ఖణేల్‌మని. నవనీత ఏడ్చేసింది. బీరన్న మాత్రం మొహం చిట్లించి, ఆపమని చెయ్యెత్తాడు. మేమంతా దగ్గరికి వంగాం.

"గీడ తాళం తప్పిన, బిడ్డా," అన్నాడు గుసగుసగా.

"ఆ ముక్క తీసెయ్యాల్నా పెద్దయ్యా?" అడిగింది పద్మారాణి.

ఆయన తల అడ్డంగా ఊపాడు. బల్ల మీద వేళ్లతో సరైన తాళం వేస్తూ కూతురి వైపు చూశాడు. నవనీత కళ్లు తుడుచుకుని, అక్కడే నిలబడి ఆ ఒక్క చరణం పాడింది. సరిగ్గా వచ్చేదాకా ఆయన మూడుసార్లు పాడించాడు.