మామయ్య బిగించిన ఫిల్టరు

పొలాల్లోకి ఇంకా కరెంటు రాని రోజులవి. మిరపతోటకు నీళ్లు తోడే ఆయిలింజనుకు ఫిల్టరు మార్చిన ప్రతిసారీ మా మామయ్యది ఒకటే కేక: "ఎవడ్రా దీన్నింత బిగించింది?" ఆ ఇంజనును ఆయన తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు.

ఒకసారి ఇంజను మొరాయించి తోట వాడిపోతుంటే, దాన్ని బండి మీద ఇంటికి తెచ్చాడు. ఫిల్టరు ఎంత తిప్పినా ఊడలేదు. చెయ్యి జారకుండా మిరపకాయల గోతం చుట్టి తిప్పితే కదిలింది. ఆ సంబరంలో అదే గోతంతో మొహం తుడుచుకున్నాడు.

కళ్లు మండి గంతులేస్తుంటే అత్తయ్య చెంబుతో నీళ్లు పోస్తూ, "కొత్తదాన్ని చేత్తో బిగించండి, చాలు," అంది.

"చేత్తోనేలే!" అంటూ కళ్లు తెరవకుండానే కొత్త ఫిల్టరు పెట్టి, పానా తగిలించి, దాని మీదెక్కి తొక్కాడు.

మళ్లీ ఫిల్టరు మార్చే రోజున వాకిట్లోంచి "ఎవడ్రా" అని వినపడగానే, అత్తయ్య చెంబు నింపింది.