పరుపు కింద అచ్చు

మా మేనత్త పోయిందని ఎర్రగుంట్ల నుంచి తెల్లవారుతూనే ఫోన్ వచ్చింది. చేసింది ఆమె కొడుకు, మా బావ. "అమ్మ లేదు మ్మే. గ్యాసనింది. సోడా తెచ్చేలోపల అయిపోయింది" అన్నాడు.

ఇలాంటి కబురు వింటే ఎవరైనా ఏడుస్తారు. నాకు ఒళ్ళు మండిపోయింది. గ్యాసంట! ముందు నెలే కర్నూలులో మా ఇంటికొచ్చి, గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కింది. ఏమైందత్తా అంటే ఇదే మాట. "గ్యాసులే మ్మే. పాపను పిలువు, కొత్త పాంటుకు కొలత తీసుకోవాల." ఆసుపత్రికి పోదాం పదమంటే "బస్సుకు టైమయితాంది" అని తప్పించుకుంది. మా వీధి చివర ఆటో ఎక్కితే పెద్దాసుపత్రి ఎంత దూరం? ఆ కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాసి ఉంటే ఈ నాలుగు మాటలూ ఇంకాస్త మర్యాదగా ఉండేవేమో.

నా కూతురికి పుట్టుకతోనే ఎడమకాలు బలహీనం. తొడ నుంచి పాదం దాకా ఇనుప పట్టీలున్న బూటు వేస్తేనే నడుస్తుంది. అంగట్లో దొరికే ఏ పాంటూ ఆ బూటు మీదుగా ఎక్కదు. పెద్ద సైజు కొంటే నడుము దగ్గర జారిపోతుంది. నేను తిరగని అంగడి లేదు. "గౌను వేయండి మేడమ్, సులువు" అని ఒకాయన సలహా ఇచ్చాడు. గౌను వేస్తే వీధిలో అందరి కళ్ళూ ఆ బూటు మీదే. ఆయనదేం పోయింది, చెప్తాడు!

సంగతి విన్న వారానికి అత్త మా ఇంట్లో దిగింది, చంకలో చుట్టిన కాగితంతో. అది ఆమె అచ్చు. లారీ తోలే మామ ఎప్పుడో తెచ్చిన సిమెంటు కాగితపు సంచిని కత్తిరించి చేసుకుంది. మా బావ నిక్కర్లు మొదలుకొని మా వాళ్ళ పిల్లల పాంట్లన్నీ దాని మీద కోసినవే. అచ్చు ఒక్కటే గానీ ఏ రెండు పాంట్లూ ఒకేలా ఉండేవి కావు. గోడలెక్కే పిల్లాడికి మోకాళ్ళ దగ్గర రెండో పొర వేసేది. గోళీలు దాచుకునేవాడికి లోతు జేబులు. మడత పడితే అచ్చు చెడుతుందని ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని తన పరుపు కింద పరిచి పెట్టుకునేది. ఆ ఇంట్లో ఈ సంగతి తెలియని మనిషి లేడు.

పాపకు ఎడమకాలు వెడల్పుగా కోసి, లోపలి కుట్టు పొడవునా నొక్కుడు గుండీలు పెట్టింది. అవి విప్పితే బూటు మీదుగా పాంటు తొడగొచ్చు. తర్వాత కుడికాలికీ అంతే వెడల్పు, అవే గుండీలు.

"దానికెందుకత్తా, దండగ పని?"

"ఒక కాలికే పెడితే అందరూ ఆ కాలే చూస్తారు మ్మే. రెండిటికీ ఒకే మర్యాద ఉండాల."

కుట్టడం అయ్యాక పిల్లను మంచం మీద అద్దానికి ఎదురుగా నిలబెట్టేది. "రెండూ ఒక తీరే ఉండాయా పాపా?" అని అడిగేది. అది పంచాయితీ పెద్దలాగా అటూ ఇటూ చూసి "ఒకటే అవ్వా" అనేదాకా సూది పక్కన పెట్టేది కాదు. పొట్టయిపోయిన పాంట్లను కోసి కొత్తవాటికి జేబులు కుట్టేది. అందుకే పాతవేవీ మాకు మిగల్లేదు.

ఎర్రగుంట్లలో అత్తను మట్టి చేసిన మర్నాడు బావను అడిగాను. "అత్త అచ్చు యాడుండాది బావా? పరుపు కింద ఉంటాదే, అది."

బావ ముఖం మాడిపోయింది. "పరుపు వంకలో ఏసి కాల్చేసినాం గదా. పోయినోళ్ళ పరుపు యాడన్నా ఇంట్లో పెట్టుకుంటారా?"

"కిందికి సూడకుండానే చుట్టేసినారా?"

"ఆ గొడవలో కాగితం ఎవరికి గుర్తుంటాది మ్మే? రెడీమేడ్ శానా దొరుకుతాండాయి..."

"నీ నిక్కర్లు యాడ కోసింది బావా? దాని మీద కాదా? నీకన్నా గుర్తుండొద్దా?"

ఇల్లంతా వినేలా అరిచాను. చావింట్లో ఆ అరుపేమిటని ఎవరో గొణిగారు. గొణగనీ! పరుపు కాల్చమన్న ఆచారం, ఎత్తేముందు కింద ఏముందో చూడొద్దని చెప్పిందా?

బావ లేచి ఊరి పక్కన వాగుకు, ఆ వంకకే పోయాడు. నేనూ వెనకే పోయాను. కాలిన దూదిని కట్టెతో చాలాసేపు కెలికాడు. ఏముంటుంది, బూడిద. ఒడ్డున కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. పాపకని అత్త ఉంచిన, ఇంకా కోయని పాంటు బట్ట బీరువాలో దొరికితే తీసుకుని బస్సెక్కాను.

బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. మిగిలింది అత్త పోయినేడు కుట్టిన నీలం పాంటు ఒక్కటే. వెలిసిపోయింది, పొట్టయింది. నాకు కుట్టు రాదు. దాన్ని ముక్కలుగా విప్పి, కాగితం మీద పరిచి గీస్తే మళ్ళీ అచ్చు తయారవుతుందని కత్తెర తీసుకున్నాను.

"దాన్ని ఇప్పొద్దు మా, అవ్వ కుట్టిండాది" అంది పాప.

"నోరు మూసుకో" అని కాలి అంచు దగ్గర మొదలుపెట్టాను. కుట్టు తెగేకొద్దీ లోపలి నుంచి బట్ట వస్తూనే ఉంది. మడత మీద మడత పెట్టి దాచింది. రెండో కాలికీ, నడుము దగ్గరా అంతే. ఇంకో ఏడాదికి సరిపడా, ఎండ తగలని ముదురు నీలం.

ఏం మనిషివత్తా నువ్వు! ఏడాది తర్వాత పాప ఎంత పెరుగుతుందో లెక్కేసి మడత పెట్టావు. నీ గుండె నొప్పి సంగతి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. అప్పుడు ఏడుపొచ్చింది, కోపంతోనే.

కత్తెర పక్కన పెట్టాను. ముక్కలుగా విప్పే పని వచ్చే ఏడాదికి. ఆలోపు నేను కుట్టు నేర్చుకోవాలి. గుండుసూదులు నోట్లో పెట్టుకుని, పాపకు పాంటు తొడిగి, మంచం మీద నిలబెట్టి, అంచులు సరిచేశాను. దిగమన్నాను. దిగలేదు.

"అడగాల గదా" అంది.

సూదులు చేతిలోకి ఉమ్మేసి, కసురుకుంటున్నట్టే అడిగాను. "రెండూ ఒక తీరే ఉండాయా?"

అద్దంలో ఒక కాలు చూసుకుంది, ఇంకో కాలు చూసుకుంది. వెలిసిన నీలం కింద రెండు కాళ్ళకూ సమానంగా ముదురు నీలం పట్టీ.

"ఒకటే అవ్వా" అంది.