దవాఖాన ముందరి మడి

బాన్సువాడ దవాఖానలో నేను నర్సుగా ఉన్న రోజుల్లో డాక్టరుగారు వాకిట్లో ఒక మడి చేయించి, హైదరాబాదు నుంచి తెప్పించిన పూల నారు నాటించారు. ఒకనాడు, భార్యను కాన్పుకు తెచ్చిన రైతు వరండాలో కుదురుగా కూర్చోలేక మడిలోకి దిగి, ఆ మొక్కలన్నీ పీకేశాడు. మధ్యలో దానంతట అదే మొలిచిన తోటకూరను మాత్రం జాగ్రత్తగా వదిలాడు.

డాక్టరుగారు మండిపడ్డారు.

"కలుపు బాగ పెరిగింది సాబ్. ఊకె కూసోబుద్ధి కాలే, తీసిన" అన్నాడు రైతు.

నాకూ కోపం వచ్చింది, కానీ డాక్టరుగారి మీద. "ఆయన్ను తిట్టకుండ్రి సాబ్. పొద్దుగాల ఆ చేతులు వణుకుతుండె. ఇప్పుడు సూడుండ్రి" అన్నాను.

ఆ మడిని రోగులతో వచ్చేవాళ్లకే వదిలేయాలని పట్టుబట్టి సాధించాను. నేను చెప్పిందే నిజమైంది. వరండాలో ఏడుస్తూ కూర్చునేవాళ్లు తగ్గారు. మడిలో వాళ్లు చల్లిన మెంతికూర, తోటకూర ఏపుగా పెరిగాయి. కోలుకున్నవాళ్లు అవే వండుకుని తినేవారు.

కొన్నాళ్లకు డాక్టరుగారి చేతుల్లోనే ఒక బాలింత చనిపోయింది. ఆయన నేరుగా వెళ్లి, మడిలో కూర్చుని కలుపు తీయసాగారు.

ఆయన పీకుతున్నవన్నీ మెంతి మొక్కలే. నేను ఆపలేదు.