లస్మయ్య సారు అడిగే రెండో సగం

లస్మయ్య సారుకు సగం మాట పడదు. ఎవరైనా ఆయన ముందు ఒక సంగతి చెప్పి ఊరుకుంటే, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఎదుటి మనిషి ముఖంలోకి ఓపికగా చూస్తూ "అయినా?" అంటారు. ఇక ఆ మనిషి రెండో సగం చెప్పేదాకా తాను కదలరు, ఎదుటివాళ్లను కదలనివ్వరు.

ఆయన ఇల్లు కోరుట్లలో. ఇంగ్లీషు చెప్పే కోచింగ్ గది జగిత్యాల టవర్ దగ్గర, చెప్పుల దుకాణం పైన. రెంటి మధ్యా రోజూ బస్సు. ఒకనాడు కండక్టరు స్వరూప మెట్ల మీద నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది.

"సార్, బస్సు నిండింది."

"అయినా?"

"అయినా ఏంది సార్? నిండింది."

"బస్సు నిండినా... తర్వాత?"

వెనక బండ్ల హారన్లు మోగుతున్నాయి. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "ఓ స్వరూపక్కా, గా సారును ఎక్కించుకో! వాక్యం ఒడిసేదాక బస్సు కదలదు."

ఇంట్లోనూ ఇదే వరస. భార్య సత్తవ్వ ఒక పొద్దున "ఉప్పు ఒడిసింది" అంటే "అయినా?" అన్నారట. "అయినా వండిన. తింటే తిను, లేకుంటే లే" అన్నదట ఆమె. సారు మురిసిపోయి, ఆ ఉప్పు లేని పప్పునే రెండుసార్లు వడ్డించుకున్నారట. ఈ కథ కోచింగ్ గదిలో ఒక బ్యాచి నుంచి మరో బ్యాచికి అందుతూ వచ్చింది.

స్రవంతి ఆ గదికి సిరిసిల్ల నుంచి వచ్చి, జగిత్యాలలోనే హాస్టల్లో ఉండేది. కోర్టు గుమాస్తా ఉద్యోగాల పరీక్షకు ఇది ఆమె రెండో ప్రయత్నం. మొదటిసారి ఇంగ్లీషే ముంచింది. అందులోనూ ఒకదానికొకటి ఎదురు నిలిచే రెండు మాటలను కలిపి ఒక వాక్యం చేసే ప్రశ్నలు. 'ఆల్దో' అని మొదలుపెట్టి, మధ్యలో 'బట్' కూడా దించేది.

మొదటి వారమే సారు ఆమె పేపరు పైకెత్తి అందరికీ చూపించారు.

"ఒక్క బస్సుకు ఇద్దరు డ్రైవర్లను కూసోబెట్టినవు బిడ్డా. ఆల్దో నడుపుతుంటే నడుమ బట్‌కేం పని?"

"బలం కోసం పెట్టిన సార్."

"గా బలానికి బస్సు పోయి చెట్టుకు తాకుతది. ఒకరిని దింపు."

సారు పెట్టే శనివారం పరీక్షకు ఒక ఆచారం ఉండేది. ఆఖరి ప్రశ్నకు ఎంచుకోవడానికి జవాబులుండవు. ఈ వారం మీ ఇంట్లో నిజంగా జరిగిన సంగతితో, ఎదురెదురు సగాలున్న వాక్యం ఒకటి రాయాలి. దాని పేరు ఇంటి వాక్యం. రెండు మార్కులు. గైడులోది ఎత్తి రాస్తే సున్నా.

ధర్మపురి నుంచి వచ్చే సతీశ్ ఒకసారి, వాన పడుతున్నా బడికి వెళ్లిన మనిషి గురించి రాశాడు. సారు ఆ కాగితాన్ని తడిసిన బట్టలా రెండు వేళ్లతో పట్టుకున్నారు. "నేను ఓనమాలు దిద్దిన కాన్నుంచి గీ వాన పడుతనే ఉన్నదిరా. ఇంకా తడుస్తున్నడా వాడు? ముందుగాల వానికి గొడుగు కొనియ్యి. తర్వాత నీ ఇంటి సంగతి రాయి."

ఆ తర్వాతి శనివారం స్రవంతి వంతు. ఆమె కూడా గైడులోదే ఎత్తి రాసింది. అతడు పేదవాడైనా నిజాయితీపరుడు, అని. సారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఆల్దో ఎప్పుడు పెడుతం బిడ్డా?"

"మొదటి సగం విన్నంక రెండో సగం ఆశ్చర్యమనిపిస్తే సార్."

"పేదోడు నిజాయితీగ ఉంటే నీకు ఆశ్చర్యమైందా?"

స్రవంతి తల దించుకుంది.

"మా నాయిన తాళ్లెక్కెటోడు. ఒక్కనాడు కల్లుల నీళ్లు కలుపలే. గందుల ఆశ్చర్యపడేది ఏమున్నది? గీ వాక్యం రాసినోనికి మా నాయిన తెల్వదు." సారు ఎర్ర కలం తీశారు. "వ్యాకరణం సక్కగనే ఉన్నది. సంగతే తప్పు. సున్నా."

వెనక బెంచీలో తంగళ్ళపల్లి దీప గొణిగింది. "ఇంగ్లీషు క్లాసా, పంచాయితా ఇది? మనిండ్లల్ల ఏమైతున్నదో సారుకెందుకే?"

స్రవంతికీ అదే అనిపించింది. మార్కుల కోసం ఇంటి గుట్టు రాయాలా? అప్పటి నుంచి పిల్లి గిన్నె తోసేసిన సంగతులే రాస్తూ వచ్చింది. ఆ పిల్లి నిజమేనా అని సారు ప్రతిసారీ అడిగేవారు.

పరీక్ష ఇరవై రోజులుందనగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. తండ్రి యాదగిరి ఒక ఆసామి షెడ్డులో సాంచాలు నడుపుతాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని అలాగే అంటారు. బడిపిల్లల యూనిఫాం బట్టకు ఆర్డరు వచ్చిన వారమే, సాంచాలకు నూలు కండెలు చుట్టి ఇచ్చే మనిషి మానేసింది. కండెలు అందకపోతే సాంచాలు ఆగుతాయి. ఆగితే వాటిని వేరేవాళ్లకు అప్పగిస్తానని ఆసామి చెప్పేశాడు.

"ఆదివారం ఇంటికి రా బిడ్డా. కండెల కాడ కూసుందువు. నౌకరి మనకు రాసిపెట్టిలేదనుకుందాం. గంతే."

ఆ శనివారం ఆమె పిల్లి గురించి రాయలేదు. పరీక్ష దగ్గరికి వచ్చినా నేను రేపు ఇంటికి వెళ్లిపోతున్నాను, అని ఇంగ్లీషులో రాసింది. మధ్యలో బట్ పెట్టలేదు. తన వాక్యం మొదటిసారి తప్పు లేకుండా వచ్చిందని ఆమెకు తెలుసు. దిద్దిన పేపరు తీసుకోకుండానే పెట్టె సర్దుకుంది.

ఆదివారం పదకొండు గంటలకు, ఆమె కండెలు చుడుతుండగా, గుమ్మంలో సంచి భుజాన వేసుకుని లస్మయ్య సారు.

"సార్! మీరెట్ల వచ్చిండ్రు?"

"వేములవాడ దాక ఒక బస్సు, ఆడికెల్లి ఇంకో బస్సు. నీ పేపరు నువ్వు తీస్కపోలే. ఇచ్చిపోదామని వచ్చిన."

తల్లి ఐలమ్మ బీడీల చాట పక్కకు జరిపి కుర్చీ వేసింది. ఒక్క కాగితం కోసం ఇంత దూరమా అన్నట్టు కూతురి వైపు చూసింది. కాగితం మీద రెండుకు రెండు వేసి ఉంది. కింద ఎర్ర సిరాతో ఒక ముక్క: 'వాక్యం ఒప్పు. సంగతి కనుక్కోవాలి.'

ఇంటి వెనకే ఉన్న షెడ్డులోంచి యాదగిరి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"బిడ్డను తోలుకపోనీకె వచ్చిండ్రా సార్?"

"నేనెవర్ని తోలుకపోను? నీ ముచ్చట విందామని వచ్చిన."

"ముచ్చటేమున్నది సార్. కండెలకు మనిషి దొరుకుతలేదు."

"అయినా?"

"అయినా ఏంది సార్? గంతే."

"గంతే అంటే సగమే యాదగిరీ."

యాదగిరి ఏమనేవాడో గానీ, అంతలో షెడ్డులో దారం తెగి ఒక సాంచా ఆగింది. ఆయన లేచి వెళ్తే సారూ వెంట వెళ్లారు. యాదగిరి తెగిన రెండు కొసలనూ వేళ్ల మధ్య ఒక్క మెలిక తిప్పి కలిపేశాడు. సారుకు ముచ్చటేసింది.

"నాకొకటి ఇయ్యి."

మూడుసార్లు ప్రయత్నించారు. మూడుసార్లూ జారింది. నాలుగోసారి ముడి పడింది, కాకపోతే ఒక కొస యూనిఫాం నూలుది, రెండో కొస ఆయన చొక్కా గుండీది. నలభై ఏళ్లుగా సగాలను కలుపుతున్న మనిషి సాంచాకు కట్టేసుకుని బిక్కముఖం వేస్తే, వారం రోజులుగా నవ్వని యాదగిరి పగలబడి నవ్వాడు.

"సార్, మీరు వాక్యాలే కలుపుకోండ్రి. గిది మాకిడిసిపెట్టుండ్రి."

గుండీ విడిపిస్తూ యాదగిరి గొంతు తగ్గించాడు. "బిడ్డ చదువు ఆపాలని నాకున్నదా సార్? సాంచాలు పోతయని బుగులు. ఎవర్ని అడగాలె?"

"అయినా?" అన్నారు సారు. ఈసారి చూసింది యాదగిరిని కాదు, గుమ్మంలో నిలబడ్డ ఐలమ్మను.

"అయినా పరీక్ష దాక గిన్ని దినాలే కద సార్," అన్నది ఐలమ్మ. "బీడీలు పక్కకు పెట్టి, పొద్దుగాల కండెలు నేను చుడుత. మాపటికి మా చెల్లె పుష్ప వస్తనన్నది."

యాదగిరి ఆశ్చర్యంగా చూశాడు. "మరి ముందుగాలనే చెప్పకపోతివి?"

"నువ్వు చెప్పనిచ్చినవా? గంతే అని ఫోన్ పెట్టేస్తివి. గంతే అన్నంక ఇంకేం చెప్పాలె?"

సారు తృప్తిగా కూర్చుని, సంచిలోంచి మందుబిళ్లల డబ్బా తెమ్మని స్రవంతికి చెప్పారు. సంచిలో డబ్బా కంటే ముందు శనివారం మార్కులు సారు రాసుకునే కాగితాల కట్ట తగిలింది. పైన సతీశ్‌ది. మార్కుల కింద ఎర్ర సిరాతో: 'ధర్మపురి. తల్లి కంటి ఆపరేషన్. వెళ్లాను, ఆస్పత్రిలో చూపించాం.' దాని కింద దీపది: 'తంగళ్ళపల్లి. అన్నతో మాట్లాడాలి. మధ్యాహ్నమే దొరుకుతాడు.' ఆ కింద ఇంకా ఎన్నో ఊళ్లు, ఎన్నో బస్సు వేళలు. స్రవంతి కాగితాలను అదే వరుసలో సర్ది పెట్టేసింది.

"ఏందమ్మా గింతసేపు? గవి మార్కులు, చూడొద్దు."

"చూడలే సార్."

ఈ మాట ఇంటి వాక్యమైతే, నిజం కాదని సున్నా పడేది.

సారు సంచి భుజాన వేసుకుని లేచారు. "తిని పోండ్రి సార్" అన్నది ఐలమ్మ.

"వద్దమ్మా. నాకు షుగరున్నది. బయట తినను."

ఐలమ్మ కొంగు నడుముకు దోపి, ఆయన ముఖంలోకి ఓపికగా చూసింది.

"అయినా?"

సారు సంచి దించారు. చేతులు కడుక్కోవడానికి నీళ్లు ఎక్కడున్నాయని అడిగారు.

స్రవంతి పరీక్ష రాసింది. ఇంగ్లీషులో పన్నెండో ప్రశ్న తెర మీదికి రాగానే ఆమె చెయ్యి ఆగింది. అతడు పేదవాడు, నిజాయితీపరుడు; ఈ రెంటినీ సరైన మాటతో కలపండి. నాలుగు జవాబుల్లో రెండోది ఆల్దో. హాలు బయటికి రాగానే సారుకు ఫోన్ చేసింది.

"సార్, గా పేదోడు మళ్లొచ్చిండు."

అవతల కోరుట్ల బస్సు హారన్ వినిపించింది.

"ఆల్దో నొక్కినవా?"

"నొక్కిన సార్. అయినా నేను ఒప్పుకోలే."

"రెండుకు రెండు," అన్నారు లస్మయ్య సారు.