ట్యాంకర్ నీళ్లకు రూల్ పెట్టిన ఓబులేసు సార్

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. "ఓబులేసు సార్ పోయినాడంటక్కా" అన్నాడు.

ఏ ఓబులేసు అని అడిగాను. తెలిసి కూడా అడిగాను.

గుంతకల్లులో రైలెక్కి అనంతపురంలో దిగేదాకా నమ్మబుద్ధి కాలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సార్ ఫిలాసఫీ లెక్చరర్. మా కాలనీయే. సబ్జెక్ట్ ప్రాక్టికల్ ఎథిక్స్. కరువులో వట్టిపోయిన ఆవును అమ్మొచ్చా? పక్కవాడి బోరు ఎండుతుందని తెలిసీ మనం ఇంకా లోతుకు వేయొచ్చా? ఇవీ ఆయన పేపర్లు. ఢిల్లీ సెమినార్లకు పోయి మా జిల్లా విడపనకల్లు బోర్ల గురించి ఇంగ్లీషులో మాట్లాడి వచ్చేవారు.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలం. ట్యాంకర్ వస్తే కాలనీలో యుద్ధమే. జుట్లు పట్టుకునేదాకా పోయింది. న్యాయం నువ్వే చెప్పు సార్ అని అందరూ ఆయన మీద పెట్టారు.

మనిషికి ఒక బిందె అన్నారు. చిన్నా పెద్దా అందరూ సమానం.

గొడవలు ఆగిపోయాయి. సార్ ఆ రూల్ మీద పేపర్ కూడా చదివి వచ్చారు. మంచి పేరొచ్చింది.

మరుసటి ఏడాది వాళ్లమ్మ మంచం పట్టింది. అన్నీ పక్క మీదే. రోజూ దుప్పట్లు ఉతకాలి. సార్ భార్య తన స్నానం మానుకున్నా నీళ్లు చాలేవి కావు. అవ్వ వీపు మీద పుండ్లు పడ్డాయి.

పక్కింట్లో ఒక బిందె అడగొచ్చు కదా? అడగలేదు మహానుభావుడు. రూల్ తప్పని ఆయనకు తెలిసిపోయింది. కానీ తన తల్లి దాకా వచ్చాకే తెలిసింది. అదీ ఆయన బాధ.

ఒకరోజు ట్యాంకర్ దగ్గర అందరి ముందూ నిలబడ్డారు.

"నేను పెట్టిన రూల్ తప్పప్పా. తలకాయలు లెక్కబెట్టినాను గానీ, ఎవరికెంత కావాల్నో చూడలేదు. అయితే ఇప్పుడు మాయమ్మ కోసమే చెప్తాండా. అందుకని నా మాట నమ్మొద్దండి. మీరే ఆలోచన చేయండి."

ఇంట్లో తల్లి తడి పక్క మీద ఉంటే, తన వాదనలో లోపం తనే చూపిస్తున్నాడు! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మా అమ్మకు మాత్రం ఒళ్లు మండింది. చదువుకోలేదు, నోరు మాత్రం పెద్దది.

"ఏమప్పా, ముసల్ది ఆడ పుండ్లతో పడుంటే ఈడ నీ పాఠమేంది? పోయినేడు ఈ కాలనీలోనే ఒక బాలింత నీళ్లు చాలక ఏడ్సింది. రూల్ పెట్టేముందు మమ్మల్ని ఒక మాట అడిగినావా?"

అంటూనే మా బిందె ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది.

"లేదక్కా. అడగలేదు" అన్నారు సార్. అక్కడే ఏడ్చేశారు.

ఆడవాళ్లే కూర్చుని రూల్ మార్చారు. మంచం పట్టినవాళ్లున్న ఇంటికి, బాలింత ఉన్న ఇంటికి నీళ్లు ఎక్కువ. అవ్వ వానలదాకా బతికింది. పొడి పక్క మీద పోయింది.

ఆ తర్వాత సార్ ఏ పేపర్ రాసినా, ముందు మా అరుగు మీద కూర్చుని తెలుగులో చెప్పేవారు. "నువ్వైతే ఏం చేస్తావక్కా?" అని మా అమ్మను అడిగేవారు. అమ్మ చెప్పిందల్లా కరెక్టేం కాదు. ఇద్దరూ అరుచుకునేవాళ్లు, టీ చల్లారిపోయేది. రిటైరయ్యాక కూడా ఆపలేదు.

నిన్న సార్ను సాగనంపి వచ్చాక అమ్మ అన్నం ముట్టలేదు. పోయి పక్కన కూర్చున్నాను. ఒక్క మాట అంది.

"ఇంక నన్నెవురు అడుగుతారు మే?"



వెళ్లిరండి సార్. ఇక తప్పొప్పులు తూచే పని లేదు, హాయిగా పడుకోండి. మీ మనసుకు శాంతి దొరకాలి.