మోగని డిస్కులు

ఆ పేటలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. చెవి మేస్త్రి అంటే చాలు, షెడ్డు దాకా దారి చూపిస్తారు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, తల కాస్త వాల్చి ఇంజన్ని వింటాడు. ఈలోగా బండి యజమాని నోరు తెరిచాడో, అయిపోయినట్టే. "ముందు బండిని మాట్లాడనివ్వండి, మీది తర్వాత వింటాను" అంటాడు. ఆయన చెప్పింది ఎన్నడూ తప్పలేదు గనక ఆ పొగరు కూడా చెల్లిపోయింది.

చివరికి ఆ చెవే మోసం చేసింది. చెయ్యడం కూడా ఎలాగంటే, లావు చప్పుళ్లన్నీ ఉంచి సన్నవాటిని మాత్రం ఒక్కొక్కటే ఎత్తుకుపోయింది. వినపడని చప్పుడు వినపడలేదని ఎవరికి తెలుస్తుంది? ఈమధ్య లోకం కాస్త నెమ్మదించిందనుకున్నాడు, అంతే.

కూతురు వచ్చి "నాన్నా, బ్రేకు తొక్కితే ముందు చక్రం కీచుమంటోంది" అన్నప్పుడు, పక్కన కూర్చుని వీధంతా తిరిగొచ్చాడు. ఆయనకేమీ వినిపించలేదు. "దుమ్ము పడుంటుందిలే, పో" అని కొట్టిపారేశాడు. మళ్లీ వచ్చింది. ఈసారి, "నీ చెవిలో జోరీగ దూరిందే తల్లీ, చూపించుకోవాల్సింది చక్రాన్ని కాదు, నిన్ను" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు, కూతురూ నవ్వింది. చక్రం విప్పి చూడటం ఎంతసేపు పని? విప్పితే తన చెవి మీద తనకే అనుమానం ఉన్నట్టవుతుందని విప్పలేదు.

మూడోసారి ఆమె ఏమీ చెప్పక్కర్లేకపోయింది. బండి మలుపు తిరుగుతుండగానే ఇనుమును ఇనుము కొరుకుతున్నట్టు గరగరమని మోత. అది లావు చప్పుడు, ఆయనకీ వినిపించింది. చక్రం విప్పేసరికి బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయి, అవి పట్టి ఆపే డిస్కు నిండా లోతుగా చాళ్లు పడి ఉన్నాయి. ప్యాడు అరిగిపోతే డిస్కుకు రాసుకుని కీచుమని హెచ్చరించడానికే దానికి చిన్న రేకుముక్క బిగిస్తారు. ఆ రేకు ఎన్నాళ్లుగా అరుస్తోందో! వెనక సీట్లో మనవరాలి చిన్న బూటొకటి పడి ఉంది. ఆయన దాని మీంచి చూపు తిప్పుకున్నాడు. పైకి మాత్రం, "ఈమధ్య ప్యాడ్లన్నీ నాసిరకం వస్తున్నాయి" అన్నాడు.

బండిని అక్కడే వదిలి, స్కూటర్ మీద ఇద్దరూ విడిభాగాల షాపుకి వెళ్లారు. షాపాయన మూడు రకాల డిస్కులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిల్లులు పొడిచిన జతని మేస్త్రి చూస్తూనే పక్కకి నెట్టేశాడు.

"ఇవి పందేల్లో తోలేవాళ్లకి. మా అమ్మాయి ఆఫీసుకీ బడికీ తిరుగుతుంది."

చవక జతని చేత్తో ఎత్తి చూసి, మరీ తేలిగ్గా ఉందని దించేశాడు. మూడోది సరిగ్గా పాతవాటి కొలతే, అదే మందం, మధ్యలో గాలి ఆడే సందులు. కావలసింది అదే. ఇక మోగించి చూడటమే తరువాయి. డిస్కును వేలికి తగిలించుకుని స్పానరుతో తట్టాలి. మంచిదైతే గంటలా మోగుతుంది, ఎక్కడైనా చీలితే మొద్దుగా పలుకుతుంది. ఆయన ఇలా తడుతుంటే షాపులో జనం బేరాలు ఆపుకుని మరీ చూస్తారు. ఆ రోజూ ఆపుకున్నారు.

తట్టాడు. టక్కుమంది.

"ఇది చీలింది." రెండోది తట్టాడు. "ఇదీ అంతే."

షాపాయన లోపలికి పరుగెత్తి ఇంకో జత తెచ్చాడు. అవీ టక్కుమన్నాయి.

"ఏమయ్యా, ఇన్నేళ్లుగా నీ దగ్గరే కొంటున్నందుకు, చీలిన సరుకు నా కూతురి బండికే అంటగడతావా?"

షాపాయన ముఖం కందిపోయింది. "అయ్యో, మీ ఎదురుగానేగా పెట్టె విప్పాను మేస్త్రిగారూ! ఒట్టు!"

"పెట్టె కొత్తదైతే సరా? చెవులున్నాయా నీకు?"

కూతురు ఆయన మోచెయ్యి పట్టుకుని, చెవికి దగ్గరగా వంగింది. "మోగుతోంది నాన్నా," అంది.

షాపాయన స్పానరు తీసుకుని తనే తట్టాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా కదలకుండా విన్నారు. ఆ మోత ఎంతసేపు నిలిచిందో మేస్త్రి వాళ్ల ముఖాల్లో చూశాడు. చాలాసేపే నిలిచింది.

షాపాయన కోపం ఎటు పోయిందో పోయింది. ముందుకి వంగి, ఒక్కో మాటా విడదీసి, గొంతు పెంచి, "మంచివేనండీ మేస్త్రిగారూ! తీసుకెళ్లండి!" అన్నాడు. తిట్టినా బాగుండేది. మేస్త్రి డబ్బు బల్ల మీద పెట్టాడు. తల ఎత్తలేక, డిస్కులు పట్టుకుని బయటపడ్డాడు.

స్కూటర్ దగ్గర ఆగి అడిగాడు. "నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"చాలా రోజులైంది. అమ్మకీ తెలుసు."

"తెలిసీ నా దగ్గరికే తెస్తావా? పిల్లని ఎక్కించుకుని ఆ బ్రేకులతో తిరుగుతావా? ఇంకో మెకానిక్కే దొరకలేదా నీకు?"

"పక్కవీధి షెడ్డు దాకా వెళ్లాను నాన్నా. లోపలికి వెళ్లబుద్ధి కాలేదు. నీ కూతురే బండిని అక్కడికి తీసుకెళ్లిందంటే, ఇక నీ దగ్గరికి ఎవరొస్తారు?"

చెవి పోయినందుకు పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది? తన పరువు కోసం కన్నకూతురు, పసిదాన్ని వెనక కూర్చోబెట్టుకుని, ఆగుతుందో ఆగదో తెలియని బండి నడిపింది. తన మీద తనకే రోత పుట్టింది.

షెడ్డుకి వచ్చి రెండు పక్కలా కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు బిగించాడు. తర్వాత కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, బండిని మెల్లగా పక్కవీధి షెడ్డుకి పోనిచ్చాడు. అక్కడి కుర్ర మెకానిక్ చేతులు తుడుచుకుంటూ కంగారుగా ఎదురొచ్చాడు.

"బ్రేకులు నేనే బిగించాను. ఒకసారి నడిపి, ఏమైనా చప్పుడొస్తోందేమో విను."

"అదేంటి మేస్త్రిగారూ, మీరు విన్నాక ఇంక నేను వినేదేముంటుంది?"

ఆయన కూతురి వైపు చూడలేకపోయాడు.

"నాకు వినపడదు బాబూ," అన్నాడు. చిన్నగానే అన్నాననుకున్నాడు. షెడ్డులో పనిచేస్తున్నవాళ్లంతా చేతిలో పని ఆపి ఇటు తిరిగారు.